స్పీడు ఉన్నా వీడియో కాల్ తెగుతోందా? ఇంటి నెట్‌లో క్యూని దారిలో పెట్టడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నర. మధురవాడ ఫ్లాట్‌లో మీరు అమెరికా టీమ్‌తో కాల్‌లో ఉన్నారు, హాల్లో అత్తగారు యూట్యూబ్‌లో ప్రవచనం పెట్టుకున్నారు, పిల్లాడి ఫోను వైఫైకి తగలగానే సాయంత్రం రుషికొండ బీచ్‌లో తీసిన వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలెట్టింది. ప్రవచనం నిక్షేపంగా నడుస్తోంది, వీడియోలూ ఎక్కుతున్నాయి, మీ గొంతు మాత్రం అవతలి వాళ్లకి రోబో మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. స్పీడ్ టెస్ట్ కొడితే 100కి 94 చూపిస్తుంది. దాంతో చాలామంది చేసే పని ఏంటంటే, ఫోన్ చేసి 300 ప్లాన్‌కి మారిపోవడం.

డబ్బు కట్టే ముందు ఒక లెక్క చూడండి. ఫోన్ కాల్స్‌లో పాతకాలం నుంచీ వాడే జీ.711 కోడెక్‌లో (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) ఒక గొంతుకి సెకనుకి 50 ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు వెళ్తాయి, హెడర్లతో (ముక్క మీద రాసే చిరునామా వివరాలు) కలిపి ఒక్కోటి 200 బైట్లు, మొత్తం 80 కేబీపీఎస్. 100 ఎంబీపీఎస్ లైన్‌లో అది వెయ్యో వంతు కూడా కాదు. వీడియో కలిపినా కాల్ ఒకటి రెండు మూడు ఎంబీపీఎస్ దాటడం అరుదు. అంటే కాల్‌కి కావలసింది వెడల్పు కాదు, టైముకి చేరడం. ఆలస్యం ఒకవైపుకి 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట్లాడుకోవడానికి ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫార్సు చెబుతుంది. విశాఖ నుంచి అమెరికాకి రానూ పోనూ 200 మిల్లీసెకన్ల పైనే, అంటే ఒకవైపుకే 100 పైన పడుతుంది, అది సముద్రం అడుగున కేబుళ్ల పొడవు, దాన్ని ఎవరూ తగ్గించలేరు. మిగిలిన ఆ కాస్త వెసులుబాటునీ మీ ఇంట్లో పెట్టె మింగేస్తే కాల్ పోయినట్టే.

ఎలా మింగుతుందంటే, మీ రౌటర్‌లోనో, ఆపరేటర్ పెట్టిన ఓఎన్‌టీలోనో, మనం మోడెమ్ అని పిలిచే ఆ తెల్ల డబ్బాలో, బయటికి వెళ్లాల్సిన ప్యాకెట్లు వరసగా నిలబడతాయి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న లైన్ మీద ఒక మెగాబైట్ క్యూ పేరుకుంటే అది ఖాళీ అవ్వడానికి 0.8 సెకను, అంటే 800 మిల్లీసెకన్లు. మీ గొంతు ప్యాకెట్ ఆ వరస చివర నిలబడుతుంది. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు, 2010లో జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు తన ఇంటి లైన్ మీద ఫైళ్లు ఎక్కిస్తూ ఇది గమనించి లోకానికి గట్టిగా చెప్పాడు. ప్యాకెట్ పోతే పాపం అన్నట్టు తయారీదారులు పెద్ద పెద్ద బఫర్లు (ప్యాకెట్లు ఆగే నిల్వ చోట్లు) పెట్టుకుంటూ పోవడమే దీనికి మూలం.

ముందు కొలవండి

కొలవకుండా సెట్టింగుల్లో వేలు పెట్టకండి. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి తగిలించండి, వైఫై వద్దు, ఎందుకంటే తప్పు లైన్‌దా వైఫైదా అన్నది ముందు తేలాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ కమాండ్‌తో గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టండి, ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపిస్తుంది (చివర హైఫన్, టీ అక్షరం కలిపితే అది ఆగదు). ఇంట్లో ఎవరూ ఏమీ వాడనప్పుడు వచ్చే అంకె రాసుకోండి. ఇప్పుడు ఒక పెద్ద ఫైల్ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెట్టి అదే కిటికీ చూడండి. 20 ఉన్నది 30 అయితే మీకు ఈ వ్యాసం అక్కర్లేదు. 20 ఉన్నది 300, 500 అయితే రోగం దొరికినట్టే. తర్వాత డౌన్‌లోడ్‌తోనూ ఇదే చేయండి.

ఇంత ఓపిక లేకపోతే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, స్పీడు వచ్చాక కింద మరిన్ని వివరాలు అని నొక్కండి. అన్‌లోడెడ్ (లైన్ ఖాళీగా ఉన్నప్పుడు), లోడెడ్ (నిండుగా ఉన్నప్పుడు) అని రెండు లేటెన్సీలు, అంటే ఆలస్యాలు చూపిస్తుంది. ఆ రెంటికీ మధ్య తేడాయే మన శత్రువు. వేవ్‌ఫార్మ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్ అయితే స్కూల్లో లాగా ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్ కూడా ఇస్తుంది.

కేబుల్ మీద అంతా బాగుండి వైఫై మీద మాత్రమే అంకెలు ఎగిరితే నేరుగా కింద వైఫై గురించి రాసిన చోటికి వెళ్లండి, మధ్యలోది మీకు కాదు. ఫైబర్ వచ్చాక అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇచ్చే ప్లాన్లు పెరిగాయి కాబట్టి చాలా ఇళ్లలో ఇప్పుడు వైఫైదే పెద్ద తప్పు.

క్యూ మీ చేతిలోకి తెచ్చుకోండి

అసలు కిటుకు ఇక్కడుంది, చాలామంది ఇక్కడే తప్పు దారిలో వెళ్తారు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఎవరి ట్రాఫిక్ ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగు) అని కనిపించగానే ఆన్ చేసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కి హై ప్రయారిటీ అని టిక్ పెట్టి వదిలేస్తారు. ఏమీ మారదు. ఎందుకు మారుతుంది? మీ రౌటర్ నుంచి ఓఎన్‌టీకి 1000 ఎంబీపీఎస్ కేబుల్ ఉంది, కాబట్టి రౌటర్‌లో అసలు వరసే ఏర్పడదు, వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టే తోసేస్తుంది. వరస అవతల, మీ మాట వినని డబ్బాలో ఏర్పడుతుంది. లేని వరసలో ఎవరిని ముందు నిలబెట్టినా ఒకటే.

అందుకే మీ రౌటర్‌లో వేగాన్ని లైన్ అసలు వేగం కంటే కొంచెం తక్కువకి బిగించాలి. అప్పుడు వరస మీ రౌటర్‌లోనే ఏర్పడుతుంది, అందులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మీరు రాసిన నియమం ప్రకారం నడుస్తుంది. పది శాతం స్పీడు పోతుందని బాధపడేవాళ్లు ఉంటారు. 94 బదులు 85 వచ్చినందుకు మీ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టుకునే వాళ్లకి తప్ప.

ఇక వరసలో నియమం. ఉదయం టిఫిన్ సెంటర్‌లో ఒకాయన యాభై ప్లేట్ల ఇడ్లీ పార్సిల్ చెప్పాడనుకోండి, ఆయన వెనక మీరు ఒక్క ప్లేటు కోసం నిలబడ్డారు. వచ్చిన వరసలోనే ఇస్తే మీ ఆఫీసు టైమ్ అయిపోతుంది. అదే తెలివైన ఓనరు అయితే మనిషికో ప్లేటు చొప్పున తిప్పుతాడు, మీరు మొదటి విడతలోనే తినేసి వెళ్లిపోతారు, పార్సిల్ ఆయనకి పడే ఆలస్యం ఒక్క ప్లేటంత. నెట్‌వర్క్‌లో దీన్ని ఫెయిర్ క్యూయింగ్ అంటారు, 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ దీని మీద రాశారు, 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ తక్కువ లెక్కలతో నడిచే డెఫిసిట్ రౌండ్ రాబిన్ ఇచ్చారు. ఇప్పుడు లైనక్స్‌లో ఉన్న ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే షెడ్యూలర్ల వెన్నెముక అదే. గొంతు ప్యాకెట్లు అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తాయి కాబట్టి వాటికి ఎవరూ ముద్ర వేయకపోయినా వాటంతట అవే ముందుకి వెళ్లిపోతాయి. ఇది వాయిస్, ఇది గేమ్ అని మీరు గుర్తుపట్టి చెప్పక్కర్లేదు, నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

పేరులో ఉన్న కోడెల్ వంతు వేరు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ఇచ్చిన పద్ధతి అది. ప్యాకెట్లు వరసలో ఎంతసేపు నిలబడ్డాయో చూస్తుంది, 100 మిల్లీసెకన్ల పాటు ఆ వేచి ఉండడం 5 మిల్లీసెకన్ల కిందికి ఒక్కసారి కూడా దిగకపోతే ఒక ప్యాకెట్ పారేస్తుంది. అది చూసి అవతల పంపేవాడు తగ్గుతాడు. ప్యాకెట్ పారేయడం పాపం కాదు, ఆలస్యంగా పారేయడమే పాపం.

రౌటర్‌లో చేయాల్సింది

మీ రౌటర్ మోడల్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉందో లేదో వాళ్ల సైట్‌లో హార్డ్‌వేర్ పట్టికలో చూడండి. మోడల్ పేరొక్కటే కాదు, వెనక స్టిక్కర్ మీద వెర్షన్ నంబరు కూడా సరిపోవాలి, ఒకే పేరుతో లోపల వేరే చిప్ పెట్టి అమ్మడం మామూలే. కొత్తది కొనేటప్పుడు ప్రాసెసర్ చూసుకోండి, వేగం బిగించే పని మొత్తం దాని మీదే పడుతుంది, పాత ఒంటి కోర్ మిప్స్ చిప్‌లకి 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆయాసం వస్తుంది.

ఆపరేటర్ ఓఎన్‌టీ సంగతి. వీలైతే కస్టమర్ కేర్‌కి గానీ లైన్‌మన్‌కి గానీ చెప్పి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని మీ రౌటర్‌కి అందించడమే చేసే పద్ధతి) పెట్టించండి, లైన్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగి మీ రౌటర్‌లో కొట్టుకోండి. కుదరదంటే దాన్ని అలాగే ఉంచి దాని వెనక మీ రౌటర్ పెట్టినా పని జరుగుతుంది. కానీ ఒక్కటి మాత్రం తప్పకుండా చేయాలి: ఓఎన్‌టీ వైఫై ఆపేయండి. టీవీ ఒకటి పాత వైఫై పేరుతో దానికే తగులుకుని ఉంటే, ఆ టీవీ లాగే ట్రాఫిక్ మీ రౌటర్ కంట పడదు, మీరు బిగించిన లెక్కంతా తప్పుతుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పేజీలో సిస్టమ్ కింద సాఫ్ట్‌వేర్‌కి వెళ్లి, జాబితా అప్‌డేట్ చేసి, ఎస్‌క్యూఎం (వేగం బిగించి క్యూ నడిపే సాధనం) అని వెతికితే లూసీ యాప్ ప్యాకేజీ (luci-app-sqm) కనిపిస్తుంది, అది ఎక్కించండి. తర్వాత నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం క్యూఓఎస్ అని వస్తుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర వాన్ (బయటి నెట్ వైపు పోర్ట్) ఎంచుకోండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ పెట్టెల్లో అంకెలు కిలోబిట్లలో వేయాలి, ఇక్కడ 90 అని వేస్తే ఇంట్లో గొడవలే. రాత్రి తొమ్మిది పది మధ్య కొలిచిన స్పీడులో, డౌన్‌లోడ్‌కి వేరుగా అప్‌లోడ్‌కి వేరుగా, 90 శాతం తీసుకోండి: 94 వస్తే దాదాపు 85000. సున్నా వేస్తే ఆ వైపు బిగింపు ఉండదని అర్థం. క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లో కేక్, స్క్రిప్ట్ దగ్గర పీస్ ఆఫ్ కేక్. లింక్ లేయర్ ట్యాబ్‌లో ఈథర్నెట్ విత్ ఓవర్‌హెడ్, 44 బైట్లు. ఫైర్‌వాల్ పేజీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే తీసేయండి, అది ఉంటే ప్యాకెట్లు మన క్యూని తప్పించుకుని పక్కదారిన వెళ్లిపోతాయి.

సేవ్ చేసి మళ్లీ అదే పింగ్, అదే అప్‌లోడ్. 300 ఉన్నది 30కి దిగాలి. దిగితే అంకెని కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లండి, పింగ్ మళ్లీ ఎగరడం మొదలైన చోట ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. దిగకపోతే తగ్గించి చూడండి. 70 శాతానికి తగ్గించినా దిగకపోతే తప్పు మీ ఇంట్లో లేదు, దాని సంగతి చివర్లో.

ఇంట్లో ఒకరు టోరెంట్ పెట్టి వందల కనెక్షన్లు తెరిస్తే, కనెక్షన్‌కో వంతు చొప్పున వాళ్లే ఎక్కువ లాగుతారు. దానికి మనిషి లెక్కన, అంటే పరికరం లెక్కన పంచే ఏర్పాటు కేక్‌లో ఉంది. క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్, దాని కింద డేంజరస్ అని భయపెట్టే టిక్ కూడా పెడితే రెండు ఖాళీ పెట్టెలు వస్తాయి. రెంటిలోనూ ముందు నాట్ (nat) అనే మాట, ఆ తర్వాత డౌన్‌లోడ్ వైపు డ్యూయల్ డీఎస్‌టీ హోస్ట్, అప్‌లోడ్ వైపు డ్యూయల్ ఎస్ఆర్‌సీ హోస్ట్ అని కేక్ పత్రంలో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయండి. పేరు చూసి భయపడక్కర్లేదు, తప్పు రాస్తే మళ్లీ చెరిపేసుకోవచ్చు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వద్దు అనుకునే వాళ్లకి మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు ఉన్నాయి, వాటి సాఫ్ట్‌వేర్ రౌటర్ ఓఎస్ 7లో కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ రెండూ వచ్చాయి, సింపుల్ క్యూలో పెట్టుకోవచ్చు, కానీ ఫాస్ట్‌ట్రాక్ నియమం తీసేయాలి, లేకపోతే క్యూ పని చేయదు. షాపులో దొరికే మామూలు రౌటర్ తప్ప వేరే దారి లేకపోతే, అందులో క్యూఓఎస్ కింద మొత్తం బ్యాండ్‌విడ్త్ అడిగే పెట్టె ఉందో చూడండి. ఉంటే 85–90 శాతం వేయండి. ఆ పెట్టే లేకపోతే ఆ క్యూఓఎస్ అలంకారమే.

వంతులు సరిపోని చోటు: పెళ్లి లైవ్

ఇంటికి పై ఏర్పాటు చాలు, ప్రయారిటీల జోలికి వెళ్లకండి అంటాను. కానీ గాజువాకలో కల్యాణ మండపం నుంచి డాలస్‌లో ఉన్న మేనమామకి పెళ్లి లైవ్ ఇవ్వాలనుకోండి, మండపం లైన్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, అదే వైఫై మీద పది మంది బంధువులు ఫోటోలు ఎక్కిస్తున్నారు. సమానంగా పంచితే పదకొండో వంతు, అంటే లైవ్ ల్యాప్‌టాప్‌కి 2 ఎంబీపీఎస్ కూడా రాదు. మీ స్ట్రీమ్‌కి 4 కావాలి. తాళి కట్టే టైముకి బొమ్మ నిలిచిపోతుంది. ఇక్కడ న్యాయం సరిపోదు, హామీ కావాలి.

దానికి స్క్రిప్ట్ లేయర్ కేక్‌కి మార్చి, ఇందాకటి అడ్వాన్స్‌డ్ పెట్టెల్లో అప్‌లోడ్ వైపు దానిలో డిఫ్‌సర్వ్4 అని కూడా రాయండి. అప్పుడు ట్రాఫిక్ నాలుగు డబ్బాలవుతుంది: బల్క్, మామూలు, వీడియో, వాయిస్. వీడియో డబ్బాకి లైన్‌లో సగం వరకు, వాయిస్‌కి పావు వంతు వరకు ముందు వరస దొరుకుతుంది, దాటితే ఆ హక్కు పోతుంది, కాబట్టి ఎవడో తన టోరెంట్‌కి వాయిస్ ముద్ర వేసుకుని అందర్నీ తొక్కేయడం కుదరదు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి ఐపీ స్థిరంగా పెట్టి, ఫైర్‌వాల్ ట్రాఫిక్ రూల్స్‌లో ఆ ఐపీ నుంచి వాన్‌కి వెళ్లే వాటికి డీఎస్‌సీపీ (ప్యాకెట్ ఏ రకమో చెప్పే ముద్ర) ఏఎఫ్41 వేయండి, అంకెల్లో 34. వాయిస్‌కి వేసే ఈఎఫ్ అయితే 46. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో బిట్‌రేట్ సీబీఆర్ (మారని వేగం) 4000 కేబీపీఎస్, అడ్వాన్స్‌డ్‌లో నెట్‌వర్క్ కింద రద్దీని బట్టి బిట్‌రేట్ మార్చే టిక్ కూడా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ కేబుల్ మీదే ఉండాలి. మండపం వైఫై మీద లైవ్ ఒప్పుకునే ఫోటోగ్రాఫర్ ధైర్యం ఆయనది.

ఒక హద్దు ఉంది. ఈ ముద్రలు మీరు పంపే వైపే నమ్మదగినవి. బయటి నుంచి వచ్చే ప్యాకెట్ల మీది ముద్రలు దారిలో చెరిగిపోవచ్చు, కాబట్టి డౌన్‌లోడ్‌కి ముద్రల మీద ఆధారపడకండి, అక్కడ వంతుల పద్ధతే మేలు.

సినిమాలూ ఓటీటీ సంగతి ఎందుకు చెప్పలేదంటారా? వాటికి తొందర లేదు. ముందే కొన్ని సెకన్ల బొమ్మ తెచ్చి దాచుకుంటాయి, లైన్ సన్నబడితే క్వాలిటీ తగ్గించుకుంటాయి. అత్తగారి ప్రవచనం ఆగకపోవడానికి కారణం అదే. వాటిని ముందు వరసలో పెట్టడం దండగ.

వైఫై

5 గిగాహెర్ట్జ్ వాడండి. అపార్ట్‌మెంట్‌లో 2.4 తప్పకపోతే ఛానెల్ 1, 6, 11లో ఒకటి, మధ్యవి వద్దు. డబ్ల్యూఎంఎం అనే టిక్ ఎప్పుడూ తీయకండి, వైఫైలో వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు వరసలు పెట్టేది అదే, పైగా అది తీస్తే స్పీడు 54 దగ్గరకి పడిపోతుంది. ఆఫీసు కాల్ చేసే బల్ల దగ్గరికి ఒక లాన్ కేబుల్ లాగించుకోవడం మాత్రం ఈ పేజీలో ఉన్న అన్నింటికంటే చవకైన మందు.

టైమ్ కూడా ఒక షెడ్యూలే

కెమెరా క్లౌడ్ బ్యాకప్, ఫోన్ ఫోటోలు, విండోస్ అప్‌డేట్లు రాత్రి రెండింటికి నడిస్తే ఎవరికీ నొప్పి ఉండదు. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కింద అప్‌డేట్‌కి ఇంతే శాతం అని పరిమితి పెట్టొచ్చు, గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో అప్‌లోడ్‌కి గరిష్ఠ వేగం పెట్టొచ్చు. రౌటర్ మార్చలేని అద్దె ఇంటి వాళ్లకి, హాస్టల్ వాళ్లకి ఈ ఒక్కటే సగం రోగం కుదురుస్తుంది.

తప్పు మీ ఇంట్లో లేకపోతే

ఇంట్లో అన్నీ ఆపేసి కేబుల్ మీద పింగ్ పెట్టినా రాత్రిపూట అంకెలు ఎగురుతుంటే క్యూ అవతల ఉంది. ఇళ్లకి వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో ఒకే పోగుని స్ప్లిటర్ పెట్టి ముప్పై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతారు, మొత్తానికి డౌన్‌లోడ్ దాదాపు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్ 1.25. ఎవరు ఎప్పుడు పంపాలో ఆపరేటర్ దగ్గరి ఓఎల్‌టీ అనే పరికరం వంతులు వేస్తుంది, అందులో మీకు మాట లేదు. పొద్దున్నా రాత్రీ తీసిన పింగ్ స్క్రీన్‌షాట్లు పెట్టి ఫిర్యాదు చేయండి, "నెట్ స్లో" అంటే స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లిపోతారు. ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (లైన్‌లో వచ్చే కాంతి బలం) కూడా చూడండి, మైనస్ 27 డీబీఎం దగ్గరికి వచ్చిందంటే పోగు ఎక్కడో వంగింది లేదా జాయింట్ పాడైంది. మన ఊళ్లో చాలా ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది, అక్టోబరు, నవంబరు గాలుల తర్వాత ఇది ఒకసారి చూసుకోవడం మంచిది.

తుపానుకి లైన్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీదికి వెళ్తే అక్కడ స్పీడు నిమిషానికోలా మారుతుంది, స్థిరంగా ఒక అంకె బిగించలేం. బాగా తక్కువలో ఒక అంకె పెట్టి కాల్ కానివ్వండి, ఓపిక ఉంటే పింగ్‌ని బట్టి అంకెని తనే మార్చుకునే కేక్ ఆటోరేట్ స్క్రిప్ట్ ఉంది, 5జీ ఎయిర్ కనెక్షన్ వాళ్లకి కూడా అదే దారి.

ప్లాన్ మార్చిన రోజే ఎస్‌క్యూఎంలో అంకెలు మార్చండి. 300కి డబ్బు కట్టి పెట్టెలో 85000 అలాగే ఉంచితే వచ్చేది 85 మాత్రమే. నెలాఖరుకి డేటా అయిపోయి లైన్ 2 ఎంబీపీఎస్‌కి పడిపోతే దానికి ఉల్టా: 85000 బిగింపు ఉన్నా లేనట్టే, క్యూ మళ్లీ అవతలి డబ్బాలోకి వెళ్లిపోయింది. డేటా తిరిగి వచ్చేదాకా రెండు వైపులా 1800 వేసుకోండి, సినిమా నడవదు గానీ కాల్ నడుస్తుంది.